గర్ల్స్ అలౌడ్: వరుసగా 20 టాప్ టెన్ పాటలు, ఆ తర్వాత వచ్చిన 11

వెన్నెల_లీడ్స్ | శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఈ విభాగంలో స్పైస్ గర్ల్స్ గురించి చాలాసార్లు మాట్లాడుకున్నాం. లిటిల్ మిక్స్ గురించి పిల్లలు బాగానే రాస్తున్నారు. ఆ రెండు గ్రూపుల మధ్య కాలంలో బ్రిటన్ రేడియోని ఏలిన అమ్మాయిల పాప్ గ్రూపు గర్ల్స్ అలౌడ్ మీద మాత్రం ఇక్కడ ఒక్క థ్రెడ్ కూడా లేదు. అందుకే మొదలుపెడుతున్నాను.

నేను 2004 సెప్టెంబర్‌లో ఎమ్మెస్సీ చదవడానికి లీడ్స్ వచ్చాను. నలుగురం అద్దెకున్న ఇంట్లో వంటగది కిటికీ దగ్గర ఒక చిన్న రేడియో ఉండేది. వచ్చిన కొత్తలో అందులో ఎప్పుడు చూసినా లవ్ మెషిన్ పాటే. పప్పుకి తాలింపు పెడుతుంటే ఆ గిటారు మొదలయ్యేది. మాతో ఉన్న బ్రాడ్‌ఫర్డ్ అమ్మాయి పరుగెత్తుకొచ్చి సౌండ్ పెంచేది. గ్రూపులో కింబర్లీ వాల్ష్‌ది వాళ్ళ ఊరే. ఆ సంతోషం ఆ పిల్ల మొహంలో కనిపించేది.

ఇక విషయానికి వస్తాను. 2002 డిసెంబర్ నుంచి 2009 జనవరి దాకా ఈ గ్రూపు విడుదల చేసిన 20 సింగిల్స్ (ఆల్బమ్ కాకుండా విడిగా అమ్మే పాటలు) వరుసగా, ఒక్కటి కూడా తప్పకుండా యూకే వారంవారం అమ్మకాల చార్టులో టాప్ టెన్‌లోకి వెళ్ళాయి. అమ్మాయిల గ్రూపుల్లో ఇది గిన్నిస్ బుక్‌కి ఎక్కిన రికార్డు. 21వ పాట అన్‌టచబుల్ 2009లో 11వ స్థానంలో ఆగిపోయింది. ఒక్క మెట్టు తక్కువ. నాకు వాళ్ళ పాటల్లో బాగా ఇష్టమైన మూడింటిలో అదొకటి. ఇన్నేళ్ళయినా ఆ 11 నన్ను గుచ్చుతూనే ఉంది. అది నిజంగా ఓటమేనా? మీరంతా ఏమంటారు?

సాయి_మిక్సర్ | శనివారం రాత్రి 9:31

అక్కా, నేను లిటిల్ మిక్స్ ఫ్యాన్‌ని. గర్ల్స్ అలౌడ్ పేరు విన్నాను గానీ పాటలు పెద్దగా వినలేదు. షెరిల్ మాత్రం ఎక్స్ ఫ్యాక్టర్ జడ్జిగా తెలుసు. వీళ్ళు కూడా ఆ షో నుంచే వచ్చారా? మొదటి నుంచి చెప్పండి, ప్లీజ్.

వెన్నెల_లీడ్స్ | శనివారం రాత్రి 9:58

సాయీ, ఎక్స్ ఫ్యాక్టర్ 2004లో మొదలైంది. వీళ్ళది అంతకు రెండేళ్ళ ముందు ఐటీవీలో వచ్చిన పాప్‌స్టార్స్: ద రైవల్స్. పీట్ వాటర్‌మన్, లూయీ వాల్ష్, స్పైస్ గర్ల్స్‌లో ఉన్న గెరీ హాలివెల్ జడ్జీలు. ఆ షోలో ఒక అబ్బాయిల గ్రూపుని, ఒక అమ్మాయిల గ్రూపుని ప్రేక్షకుల ఓట్లతో తయారుచేసి, ఇద్దరి చేతా ఒకే వారం సింగిల్ విడుదల చేయించారు. క్రిస్మస్ వారం నంబర్ వన్ ఎవరిదైతే వాళ్ళు గెలిచినట్టు.

2002 నవంబర్ 30న గ్రూపు ఖాయమైంది. న్యూకాసిల్ నుంచి షెరిల్ ట్వీడీ, ఉత్తర ఐర్లండ్‌లోని డెర్రీ నుంచి నదీన్ కోయిల్, బ్రాడ్‌ఫర్డ్ నుంచి కింబర్లీ వాల్ష్, రన్‌కార్న్ నుంచి నికోలా రాబర్ట్స్, ఆఖరి స్థానంలో సారా హార్డింగ్. సారాకీ జవీన్ హిల్టన్‌కీ మధ్య చివరి నిమిషం దాకా టెన్షనే. జవీనే వస్తుందని చాలామంది అనుకున్నారట.

డిసెంబర్ 16న సౌండ్ ఆఫ్ ది అండర్‌గ్రౌండ్ విడుదలైంది. మొదటి వారంలోనే 2 లక్షల 13 వేలకు పైగా కాపీలు. క్రిస్మస్ నంబర్ వన్ అదే. అబ్బాయిల గ్రూపు వన్ ట్రూ వాయిస్ రెండో స్థానం. పాట నాలుగు వారాలు పైనే కూర్చుంది. అబ్బాయిల గ్రూపు మరుసటి ఏడాదే విడిపోయింది.

డబ్లిన్_పద్మ | శనివారం రాత్రి 10:20

ఒక చిన్న సంగతి కలుపుతాను. నదీన్ అంతకు ముందే, 2001లో, ఐర్లండ్ పాప్‌స్టార్స్ షోలో గెలిచి సిక్స్ అనే గ్రూపుకి ఎంపికైంది. కెమెరా ముందు పుట్టిన తేదీ చెబుతూ తడబడింది. వయసు చాలదని తేలి పక్కకు తప్పుకోవాల్సి వచ్చింది. ఇక్కడ మా ఆఫీసులో నా వయసువాళ్ళకి ఇప్పటికీ ఆ దృశ్యం గుర్తుంది. ఏడాది తిరిగేసరికి ఆ పిల్లే బ్రిటన్ క్రిస్మస్ నంబర్ వన్ పాడింది. సౌండ్ ఆఫ్ ది అండర్‌గ్రౌండ్ ఐర్లండ్‌లో కూడా నంబర్ వన్ అయింది.

పాత_క్యాసెట్ | ఆదివారం ఉదయం 7:05

వెన్నెలమ్మా, బాగా రాశావు. అయితే నాకు ఒక అభ్యంతరం ఉంది. మనసులో పెట్టుకోకుండా చెబుతాను.

టీవీలో ఓట్లు వేయించి ఏరిన ఐదుగురు. పాటలు రాసేది వేరేవాళ్ళు, వాయించేది వేరేవాళ్ళు. నెలల తరబడి టీవీలో చూపించాక ఆ అభిమానులు మొదటి వారంలో సీడీ కొంటారు, పాట టాప్ టెన్‌కి వెళుతుంది. అది సంగీతం గెలుపా, ప్రచారం గెలుపా? స్పైస్ గర్ల్స్ కనీసం తమ పాటల రచనలో కూర్చున్నారు. మొదటి పాట వానబీ దగ్గర నుంచి వాళ్ళ పేర్లున్నాయి. పైగా యూకేలో వాళ్ళ నంబర్ వన్ పాటలు తొమ్మిది. స్టాప్ ఒక్కటే రెండో స్థానంలో ఆగింది. మరి వీళ్ళవి నాలుగే కదా. అమెరికా పాటల చార్టు హాట్ 100లో వీళ్ళ పేరే లేదు. స్పైస్ ఆల్బమ్ 1997లో అమెరికాలో ఆ ఏడాదికే ఎక్కువ అమ్ముడైన ఆల్బమ్. రెంటినీ ఒకే తక్కెడలో ఎలా తూస్తాం?

సింథ్_శీను | ఆదివారం ఉదయం 8:47

పాత క్యాసెట్ గారూ, మీ మీద గౌరవంతోనే ఒప్పుకోలేకపోతున్నాను. నేను రాజమండ్రిలో ఆర్కెస్ట్రాకి కీబోర్డ్ వాయిస్తాను. వీళ్ళ పాటలు విడదీసి విన్నవాడిగా చెబుతున్నాను.

పాటల వెనక ఉన్నది జెనోమేనియా అనే బృందం. బ్రయన్ హిగ్గిన్స్, మిరాండా కూపర్ అందులో ముఖ్యులు. కెంట్‌లో వెస్టర్‌హామ్ అనే చిన్న ఊళ్ళో ఒక పెద్ద ఇల్లే వాళ్ళ స్టూడియో. షేర్ పాడిన బిలీవ్ రచయితల్లో హిగ్గిన్స్ ఒకడు. వాళ్ళు పాటని మొదటి నుంచి చివరి దాకా వరుసగా రాయరు. ఒక్కో తాళానికి బోలెడన్ని బాణీ ముక్కలు కడతారు. పాడేవాళ్ళు స్టూడియోకి వచ్చి అన్నీ పాడతారు. తర్వాత వాటిలో మేలైనవి ఏరి ఒకదానికొకటి అతుకుతారు. అందుకే ఆ పాటల్లో ఎక్కడ ఏ మలుపు వస్తుందో ముందుగా పసిగట్టలేం.

బయాలజీ వినండి. పియానో మీద పాత బ్లూస్ పాటలా మొదలవుతుంది. అదే పల్లవి అనుకుంటాం. కాదు. దాన్ని అక్కడే వదిలేసి వేరే బాణీలోకి వెళుతుంది. అక్కణ్ణుంచి ఇంకో దాంట్లోకి. అసలు పల్లవి దాదాపు రెండు నిమిషాలకు వస్తుంది. మామూలు పాప్ పాటలో ఆ పాటికి పల్లవి రెండుసార్లు అయిపోతుంది. చివర్లో మళ్ళీ మొదటి బ్లూస్ ముక్క దగ్గరికి తెచ్చి కలుపుతారు. ఇంత చేసినా ఎక్కడా అతుకు కనపడదు. ఆ పాట 2005 నవంబర్‌లో నాలుగో స్థానానికి వెళ్ళింది. ఇలాంటి కట్టడాన్ని జనంతో కొనిపించడం ప్రచారంతో అయ్యే పని కాదండీ. పాడేవాళ్ళ గొంతు కూడా నమ్మించాలి. నదీన్ ఆ పాటని మోసిన తీరు ఒక్కసారి హెడ్‌ఫోన్స్‌లో వినండి.

సౌండ్ ఆఫ్ ది అండర్‌గ్రౌండ్ కూడా అంతే. అరవైల నాటి సర్ఫ్ గిటారు, కింద పరుగెత్తే డ్రమ్ అండ్ బేస్. అప్పటిదాకా టీవీ షో విజేతల చేత నెమ్మది పాటలు పాడించేవాళ్ళు. దానికి పూర్తిగా ఎదురు వెళ్ళిన పాట ఇది.

అంకెల_రాంబాబు | ఆదివారం ఉదయం 11:15

లెక్కల విషయం వచ్చింది కాబట్టి నేను దిగాలి.

ఆ 20 పాటల్లో నంబర్ వన్ నాలుగు: సౌండ్ ఆఫ్ ది అండర్‌గ్రౌండ్, ఐల్ స్టాండ్ బై యూ, వాక్ దిస్ వే, ద ప్రామిస్. రెండో స్థానం నాలుగు: నో గుడ్ అడ్వైస్, జంప్, ద షో, లవ్ మెషిన్. మూడో స్థానంలో మూడు, నాలుగో స్థానంలో మూడు. అంటే 20లో 14 పాటలు నాలుగో స్థానంలోనో, అంతకన్నా పైనో ఉన్నాయి. తొమ్మిది, పది దగ్గర ఆగినవి మూడే.

పాత క్యాసెట్ అన్నా, తూకం గురించి అడిగావు కదా. స్పైస్ గర్ల్స్ 1996 నుంచి 2000 దాకా విడుదల చేసినవి పది సింగిల్స్. ఆ రోజుల్లో యూకేలో సింగిల్స్ అమ్మకాలు జోరుగా ఉండేవి. గర్ల్స్ అలౌడ్ వచ్చేసరికి ఆ మార్కెట్ కూలిపోతోంది. 2004 నాటికి చాలా కిందికి పడిపోయింది. అప్పట్లో చార్ట్ లెక్కలోకి దుకాణంలో అమ్మిన సీడీలే వచ్చేవి. డౌన్‌లోడ్‌లని 2005 ఏప్రిల్ నుంచి కలిపారు, అదీ సీడీ కూడా ఉంటేనే. 2007 జనవరి నుంచి సీడీ లేకపోయినా డౌన్‌లోడ్ లెక్కకొచ్చింది. స్ట్రీమింగ్ 2014లో చేరింది.

మన దగ్గర ఒకప్పుడు ఎన్ని కేంద్రాల్లో వంద రోజులు ఆడిందో లెక్కపెట్టేవాళ్ళం. ఇప్పుడు మొదటి మూడు రోజుల వసూళ్ళు చూస్తున్నాం. 1977 సినిమానీ ఇప్పటి సినిమానీ ఒకే కొలతతో కొలిస్తే ఇద్దరికీ అన్యాయమే. ఇక్కడా అంతే. ఒక పాట 11 దగ్గర ఆగితే, ఆ వారం ఏది లెక్కపెట్టారో కూడా చూడాలి. గర్ల్స్ అలౌడ్ గొప్ప నా దృష్టిలో ఇదీ: లెక్కపెట్టే పద్ధతి రెండుసార్లు మారినా వాళ్ళ వరుస తెగలేదు. 2006 అక్టోబర్‌లో సమ్‌థింగ్ కైండా ఊ సీడీ రాకముందే డౌన్‌లోడ్‌లతోనే టాప్ టెన్‌లోకి వచ్చేసింది. తర్వాత మూడుకి ఎక్కింది.

గోదారి_గట్టు | ఆదివారం మధ్యాహ్నం 12:40

రాంబాబు గారూ, నేను ఎక్కడో 21 అని చదివాను. 20 ఎలా అయింది?

అంకెల_రాంబాబు | ఆదివారం మధ్యాహ్నం 12:52

రెండూ నిజమే. వరుసగా 20. మొత్తం 21. ఆ 21వది 2012లో మళ్ళీ కలిసినప్పుడు వచ్చిన సమ్‌థింగ్ న్యూ. రెండో స్థానం. మధ్యలో అన్‌టచబుల్ 11 రావడంతో వరుస అక్కడ తెగింది.

మోడరేటర్ | ఆదివారం మధ్యాహ్నం 1:10

చర్చ బాగుంది. ఒక్క మనవి. పాటల సాహిత్యం మొత్తం ఇక్కడ పెట్టకండి. నిన్న రాత్రి ఒక పోస్టు ఆ కారణంతోనే తీసేశాను.

పాత_క్యాసెట్ | ఆదివారం సాయంత్రం 4:30

శీను బాబూ, బయాలజీ విన్నాను. రెండుసార్లు విన్నాను. పల్లవి కోసం ఎదురుచూడటంలో ఒక రుచి ఉంది, ఒప్పుకుంటున్నాను.

అయితే ఇంకో ప్రశ్న. ఆల్బమ్ సంగతేమిటి? పాట మీద ఇష్టంతో సింగిల్ ఎవరైనా కొంటారు. గ్రూపు మీద నమ్మకం ఉంటే కొనేది ఆల్బమ్. నేను చూసినంతలో వీళ్ళ ఆల్బమ్‌లు చాలాకాలం నంబర్ వన్ కాలేదు. సింగిల్స్ అన్ని గెలిచినప్పుడు ఆల్బమ్‌లు ఎందుకు వెనకబడ్డాయి?

వెన్నెల_లీడ్స్ | ఆదివారం సాయంత్రం 6:18

ఇది మంచి ప్రశ్న బాబాయ్. నేను దీని గురించే రాయాలనుకున్నాను.

మొదటి ఆల్బమ్ సౌండ్ ఆఫ్ ది అండర్‌గ్రౌండ్ 2003 మేలో వచ్చింది. రెండో స్థానం. రకరకాల నిర్మాతల పాటలు కలిపి కట్టినది. సగం బాగుంటుంది, సగం తొందరలో చేసినట్టుంటుంది. 2004 నవంబర్‌లో వచ్చిన వాట్ విల్ ద నైబర్స్ సే మొత్తం జెనోమేనియాదే. ద షో, లవ్ మెషిన్ అందులోవే. ఆరో స్థానం.

ఇక కెమిస్ట్రీ. 2005 డిసెంబర్ 5న విడుదల. 11వ స్థానం! ఇక్కడ కూడా 11 అనే అంకే. నా లెక్కలో వాళ్ళ ఆల్బమ్‌లన్నిట్లో ఇదే శిఖరం. లండన్‌లో ఇరవై రెండేళ్ళ అమ్మాయికి చేతిలో డబ్బు, వెనక ఫొటోగ్రాఫర్లు, రాత్రుళ్ళు పార్టీలు, తెల్లవారితే ఒంటరితనం. అదంతా ఒక దారంలో గుచ్చిన ఆల్బమ్. స్వింగింగ్ లండన్ టౌన్ అనే పాట ఉంది. మొదట్లో మెరుపులతో మొదలై మధ్యలో ఒక్కసారిగా చీకటిలోకి దిగి, మళ్ళీ పైకి లేస్తుంది. సింగిల్‌గా రాలేదు కాబట్టి చాలామంది ఆ పాటే వినలేదు.

మరి 11 ఎందుకు? నాకు తోచింది చెబుతాను. డిసెంబర్ మొదటి వారం అంటే బ్రిటన్‌లో పెద్ద పెద్దవాళ్ళ ఆల్బమ్‌లన్నీ క్రిస్మస్ కానుకలుగా అమ్ముడయ్యే సమయం. అప్పుడు 11 కావాలన్నా బోలెడు కాపీలు అమ్మాలి. పైగా ఆ డిసెంబర్‌లోనే దాని నుంచి తీసిన సింగిల్ సీ ద డే. డీ సీ లీ 1985లో పాడిన నెమ్మది పాటకి కొత్త రూపం. బాగానే పాడారు గానీ, ఆల్బమ్ ఎలాంటిదో ఆ పాట చెప్పదు. అది తొమ్మిదో స్థానంలో ఆగింది. బయాలజీ ఊపు మీద నవంబర్‌లోనే ఆల్బమ్ వచ్చి ఉంటే సంగతి వేరేగా ఉండేదని నా నమ్మకం.

ఇంకో మాట. 11 దాటకపోయినా కెమిస్ట్రీ ప్లాటినం అయింది. బ్రిటన్‌లో ఆల్బమ్‌కి ప్లాటినం అంటే 3 లక్షలు. మొదటి వారంలో ఎగబడకపోయినా తర్వాత నెలల తరబడి కొంటూనే ఉన్నారన్నమాట. పీక్ స్థానం మాత్రమే చూస్తే ఇది కనపడదు.

తర్వాత 2006లో హిట్ పాటల సంకలనం నేరుగా నంబర్ వన్‌లోకి వచ్చింది. 2007లో ట్యాంగిల్డ్ అప్ నాలుగు. 2008 నవంబర్‌లో అవుట్ ఆఫ్ కంట్రోల్ నంబర్ వన్. స్టూడియో ఆల్బమ్‌లలో నంబర్ వన్ అదొక్కటే.

సింథ్_శీను | ఆదివారం సాయంత్రం 6:55

కెమిస్ట్రీ విషయంలో వెన్నెల గారితో నూటికి నూరు పాళ్ళూ ఏకీభవిస్తున్నాను. ట్యాంగిల్డ్ అప్‌ని కూడా వదలకండి. కాల్ ద షాట్స్ అందులోదే. ఏడుపు, డ్యాన్సు ఒకే పాటలో పట్టడం చాలా కష్టం. ఆ పాటలో సింథ్ తీగలు మెల్లగా పొరలు పొరలుగా చేరతాయి. మూడో నిమిషానికి గదంతా నిండిపోయినట్టుంటుంది. నేను పెళ్ళి కచేరీల్లో సౌండ్ చెక్ చేసేటప్పుడు ఆ తీగలే వాయించి చూసుకుంటాను.

సాయి_మిక్సర్ | ఆదివారం రాత్రి 8:20

అక్కా, లవ్ మెషిన్, ద ప్రామిస్, బయాలజీ విన్నాను. ద ప్రామిస్ భలే ఉంది! అరవైల పాటలా ఉంది కదా, ఆ ట్రంపెట్లూ అవీ.

లిటిల్ మిక్స్‌తో పోల్చి చూశాను. మావాళ్ళవి నంబర్ వన్ ఐదు: కానన్‌బాల్, వింగ్స్, బ్లాక్ మ్యాజిక్, షౌట్ అవుట్ టు మై ఎక్స్, స్వీట్ మెలడీ. కానీ వరుసగా అన్నీ టాప్ టెన్ కాలేదు. రెండో ఏడాదిలోనే చేంజ్ యువర్ లైఫ్ 12 దగ్గర ఆగింది. లవ్ మీ లైక్ యూ 11. అవి చాలా ఇష్టమైన పాటలు నాకు. మేం వాటిని ఫ్లాప్ అని ఎప్పుడూ అనుకోలేదు. అదే గర్ల్స్ అలౌడ్‌కి 11 వస్తే అంత బాధ ఎందుకు?

వెన్నెల_లీడ్స్ | ఆదివారం రాత్రి 8:49

ఎందుకంటే తమ్ముడూ, వరుస ఉంది కాబట్టి. ఒక వరుస ఇరవై దాకా వచ్చాక అందరి కళ్ళూ దాని మీదే ఉంటాయి. ద లవింగ్ కైండ్ సరిగ్గా పదో స్థానంలో ఆగినప్పుడే మేమంతా ఊపిరి బిగబట్టాం. పెట్ షాప్ బాయ్స్‌తో కలిసి రాసిన పాట అది, ఎంతో బాగుంటుంది.

అప్పటి పరిస్థితి కూడా గుర్తుంచుకో. ఆ సీడీ 2009 జనవరిలో వచ్చింది. సరిగ్గా ఆ నెల మొదట్లోనే వూల్‌వర్త్స్ దుకాణాలన్నీ మూతపడ్డాయి. ప్రతి ఊరి మెయిన్ బజార్లో ఉండేవి అవి. స్కూలు పిల్లలు పాకెట్ మనీతో సీడీ సింగిల్ కొనేది అక్కడే. నేను కూడా లవ్ మెషిన్ సీడీ అక్కడే కొన్నాను. ఆ శనివారం ద లవింగ్ కైండ్ కోసం వెళ్తే మా వీధిలో షట్టర్ దించి ఉంది. అద్దం వెనక ఖాళీ అరలు. ఎదురుగా నిలబడి కాసేపు అలా చూశాను. చివరికి రెండు బస్సులు మారి వేరే చోట కొన్నాను.

అన్‌టచబుల్ ఆ తర్వాత ఏప్రిల్‌లో. ఆల్బమ్‌లో అది ఆరు నిమిషాలు దాటిన పాట. నెమ్మదిగా లేచి, ఒక్కో మెట్టూ ఎక్కి, చివర ఆకాశంలో వదిలేస్తుంది. సింగిల్ కోసం దాన్ని కత్తిరించారు. ఆ ఎక్కే క్రమమే లేకుండా నేరుగా పైన నిలబెట్టినట్టయింది. అవుట్ ఆఫ్ కంట్రోల్ కొన్నవాళ్ళ దగ్గర అసలు పాట ఐదు నెలలుగా ఉంది. వాళ్ళు కోసేసిన పాటని మళ్ళీ ఎందుకు కొంటారు?

అంకెల_రాంబాబు | ఆదివారం రాత్రి 9:15

వెన్నెల గారు చెప్పిన చివరి మాటే అసలు కారణం అనుకుంటున్నాను. ఆల్బమ్ నుంచి మూడో సింగిల్ అంటే ఎవరికైనా కష్టమే. వీళ్ళు చాలా ఆల్బమ్‌లకి మూడు, నాలుగు సింగిల్స్ తీసి అన్నిటినీ టాప్ టెన్‌కి పంపారు. కెమిస్ట్రీ నుంచి నాలుగు తీశారు: లాంగ్ హాట్ సమ్మర్ 7, బయాలజీ 4, సీ ద డే 9, హోల్ లాటా హిస్టరీ 6. నంబర్ వన్‌లు ఎక్కువ ఉన్న గ్రూపులు కూడా మూడో సింగిల్ దగ్గర జారినవే. షుగాబేబ్స్‌కి ఆరు నంబర్ వన్‌లు, వాక్ దిస్ వే తో కలిపి. వాళ్ళ పాటలు కూడా కొన్ని టాప్ టెన్ బయట ఆగాయి.

గోదారి_గట్టు | ఆదివారం రాత్రి 9:40

వాక్ దిస్ వే ఇద్దరి ఖాతాలోనూ వేస్తారా?

అంకెల_రాంబాబు | ఆదివారం రాత్రి 9:44

వేస్తారు. 2007 మార్చిలో కామిక్ రిలీఫ్ కోసం రెండు గ్రూపులూ కలిసి పాడిన పాట. ఒక వారం నంబర్ వన్. ఐల్ స్టాండ్ బై యూ కూడా సేవా కార్యక్రమం పాటే. ప్రిటెండర్స్ పాటని 2004లో చిల్డ్రన్ ఇన్ నీడ్ కోసం పాడారు. రెండు వారాలు పైన ఉంది.

పాత_క్యాసెట్ | సోమవారం ఉదయం 6:50

అంటే నాలుగు నంబర్ వన్‌లలో రెండు సేవా కార్యక్రమాల పాటలు, ఒకటి టీవీ షో ఆఖరి పాట. మిగిలింది ద ప్రామిస్ ఒక్కటే కదా. ఇది ఎత్తి చూపడానికి అనడం లేదు. శీను చెప్పినవి విన్నాక నాకు అర్థమైంది ఇదీ: వీళ్ళ మేలైన పాటలు నంబర్ వన్‌లో లేవు. లవ్ మెషిన్ రెండు, బయాలజీ నాలుగు, కాల్ ద షాట్స్ మూడు. నంబర్ వన్ పట్టీ ఒక్కటే చూసి తీర్పు చెబితే వీళ్ళు అందులో దొరకరు. నిన్న ఉదయం నేను చేసింది అదే.

వెన్నెల_లీడ్స్ | సోమవారం ఉదయం 7:35

బాబాయ్, మీరు ఈ మాట రాసినందుకు చాలా సంతోషం. ద ప్రామిస్‌కే 2009లో ఉత్తమ బ్రిటిష్ సింగిల్‌గా బ్రిట్ అవార్డు వచ్చింది. అన్నేళ్ళలో వాళ్ళకి వచ్చిన బ్రిట్ అదొక్కటే. వేదిక మీద సారా ఆనందం పట్టలేక అరిచిన అరుపు నా చెవుల్లో ఇప్పటికీ ఉంది.

సారా 2021 సెప్టెంబర్ 5న రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. 39 ఏళ్ళు. ఆ వార్త చూసినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఆ బ్రాడ్‌ఫర్డ్ స్నేహితురాలికి ఫోన్ చేశాను. ఇద్దరం పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు. 2024లో మిగిలిన నలుగురూ కలిసి పర్యటన చేశారు. మేమిద్దరం వెళ్ళాం. తెర మీద సారా కనిపించి, ఆమె గొంతు వినిపించినప్పుడు హాలు మొత్తం ఆమెతో పాటు పాడింది. నా పక్కన ఒక తల్లీకూతురూ ఉన్నారు. కూతురికి పదిహేనేళ్ళుంటాయేమో. ఆ పిల్లకి ప్రతి పాటా వచ్చు. అన్‌టచబుల్ కూడా.

డబ్లిన్_పద్మ | సోమవారం ఉదయం 8:10

వెన్నెలా, కళ్ళు చెమర్చాయి. మేం కూడా డబ్లిన్‌లో ఆ పర్యటన చూశాం.

సాయి_మిక్సర్ | సోమవారం మధ్యాహ్నం 1:25

అక్కా, నిన్న రాత్రి కెమిస్ట్రీ మొత్తం విన్నాను, మధ్యలో ఆపకుండా. స్వింగింగ్ లండన్ టౌన్‌లో ఆ మధ్య భాగం వచ్చినప్పుడు ఫోన్ పాడైందేమో అనుకుని చూసుకున్నాను. మళ్ళీ ఊపు అందుకోగానే అర్థమైంది. ఇది సింగిల్‌గా ఎందుకు రాలేదు? తర్వాత అన్‌టచబుల్ పెద్దదీ చిన్నదీ రెండూ విన్నాను. మీరు చెప్పింది నిజం. చిన్నదాంట్లో ఆ ఎదురుచూపు లేదు.

శీను అన్నా, నెక్స్ట్ ఏం వినాలి?

సింథ్_శీను | సోమవారం మధ్యాహ్నం 2:02

ట్యాంగిల్డ్ అప్ మొదలుపెట్టు తమ్ముడూ. వరుసలోనే విను. కాల్ ద షాట్స్‌కి హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. ఆ తర్వాత వెనక్కి వెళ్ళి వాట్ విల్ ద నైబర్స్ సే. లవ్ మెషిన్ నీకు నచ్చింది కాబట్టి, దాన్ని 2006లో ఆర్కిటిక్ మంకీస్ రేడియో 1 లైవ్ లాంజ్‌లో పాడింది కూడా విను. గిటారు బ్యాండ్ చేతిలో ఆ పాట ఎంత గట్టిగా నిలబడిందో తెలుస్తుంది.

పాత_క్యాసెట్ | సోమవారం రాత్రి 8:15

కాల్ ద షాట్స్ ఇప్పుడే విన్నాను. మా ఆవిడ కూడా వంటింట్లోంచి వచ్చి కూర్చుంది. రాంబాబూ, ఒక్క సంగతి చెప్పు. ఇంత పాట మూడో స్థానంలో ఆగిన వారం పైన ఏ పాట ఉంది?

అంకెల_రాంబాబు | సోమవారం రాత్రి 8:32

అన్నా, లియోనా లూయిస్ పాడిన బ్లీడింగ్ లవ్. 2007లో యూకేలో అందరికన్నా ఎక్కువ అమ్ముడైన సింగిల్ అదే. ఏడు వారాలు నంబర్ వన్‌లో కూర్చుంది. కాల్ ద షాట్స్ సీడీ వచ్చేసరికి దాని ఊపు ఇంకా తగ్గలేదు. రెండు వారాలు ఆగి విడుదల చేసి ఉంటే ఎలా ఉండేదో అని నేనూ చాలాసార్లు లెక్క వేసుకున్నాను.